లైను చివరి గంట

ఏలీయా సారు గదిలోకి వెళ్లి లోపలి నుంచి గడియ పెట్టుకొని గంటన్నర దాటింది.

కంప్యూటరు ఆ గదిలోనే ఉంది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్కటే. రేపు సోమవారం పదకొండు గంటలకు నంద్యాలలో జీవమ్మకు పరీక్ష.

అయినా జీవమ్మను భయపెడుతున్నది అది కాదు. లోపలి నుంచి వస్తున్న చప్పుడు.

కత్తెర చప్పుడు.

"అత్తా, మామ ఏం కత్తిరిస్తాండాడు?" తలుపుకు చెవి ఆనించి, గొంతు తగ్గించి అడిగింది కోడలు ఫెబా.

"నాకేం తెలుసు."

"నీ ప్రాక్టీసు పేపర్లు యాడ పెట్టినావు?"

జీవమ్మ మూసిన తలుపు వైపు చూసింది. పేపర్లు లోపలే ఉన్నాయి. కీబోర్డు పక్కన, క్లిప్పు పెట్టి. నంద్యాలలో తను పనిచేసే కంప్యూటర్ సెంటర్ నుంచి ఫెబా జిరాక్సు తీసి తెచ్చిన పన్నెండు పేపర్లు.

కత్తెర ఆగింది. ఒక్క క్షణం. మళ్లీ మొదలైంది, ఇంకా నిదానంగా, ఇంకా పొడుగ్గా.

"మామా, తలుపు తీయండి. అత్త రేపటికి ప్రాక్టీసు చేయాల."

కత్తెర ఆడుతూనే ఉంది.

"నాదే తప్పు మామా. నిన్న నేను అట్ల అనకూడదు. చూడకుండా అన్నా."

"గమ్మున ఉండు పాపా," అంది జీవమ్మ. "నువ్వు తప్పేం మాట్లాడలే. నిజమే మాట్లాడినావు. అదే ఆయనకు మింగుడు పడలే."

నిన్న సాయంత్రం జరిగింది ఇంతే. జీవమ్మ కొట్టిన ఉత్తరాన్ని ఫెబా తెర మీద పరీక్షగా చూసింది. రెండుసార్లు ఫెయిలైన మనిషి కొట్టినట్టు లేదు. ఒక్క అక్షరం తప్పు లేదు. ఫెబా అక్షరాల సైజును పన్నెండు నుంచి పద్నాలుగుకు పెంచింది. అంతే, ఉత్తరం కుప్పకూలింది. ఒక పొడుగు లైను, దాని కింద ఒంటరిగా ఒక మాట. మళ్లీ పొడుగు లైను, మళ్లీ ఒంటరిగా ఒక మాట. పళ్లూడిన దువ్వెనలా తయారైంది.

ఫెబా పైన ఒక బొత్తాం నొక్కింది. కనపడని గుర్తులను బయటపెట్టే బొత్తాం అది. ప్రతి లైను చివరా ఒక నల్లటి గుర్తు తేలింది. ఇరవై ఎనిమిది లైన్లకు ఇరవై ఎనిమిది గుర్తులు. దొంగ పోయిన దారిలో అడుగులు దొరికినట్టు.

"లైను లైనుకూ ఎంటర్ కొడతాండావు అత్తా. దీంట్లో ఆ పనే లేదు. లైను నిండితే అదే కిందికి దిగుతుంది. పేరా అయిపోయినప్పుడు ఒక్కసారి కొడితే చాలు. రెండుసార్లూ నిన్ను ఫెయిలు చేసింది ఇదే. ఈ తప్పుడు అలవాటు నీకు ఎవరు నేర్పినారు?"

నేర్పిన మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతుల్లో రెండు టీ గ్లాసులు, ఒకటి భార్యకు, ఒకటి కోడలికి.

ఏలీయా సారు గ్లాసులు రెండూ బల్ల మీద పెట్టాడు. చుక్క ఒలకలేదు. బయటికి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి నోరు విప్పలేదు. సంగటి ముద్ద ముట్టలేదు.

ముప్పై ఏళ్లు ఆళ్లగడ్డలో టైపు నేర్పిన మనిషి. ఈ ఊరి ఆఫీసుల్లో పాత గుమాస్తాల చేతులు చాలావరకు ఆయన బల్ల ముందు తయారైనవే. తొమ్మిదేళ్ల కిందట ఇన్‌స్టిట్యూటుకు తాళం పడ్డాక, పద్నాలుగు మిషన్లలో ఒక్కటి మిగిలింది. అది ఆ గది మూలలోనే, జీవమ్మ కుట్టిన పూల గుడ్డ కప్పుకొని ఉంది.

ఆ గదిలో ఇప్పుడు కత్తెర ఆడుతోంది.

"టైము ఎంతయింది?"

"తొమ్మిదిన్నర అత్తా."

పదింటికి ఆరాధన. చర్చిలో మొదటి బెంచీ చివరి చోటు ఏలీయా సారుది. ఇరవై రెండేళ్లుగా ఆ చోటు ఖాళీగా ఉండటం ఎవరూ చూడలేదు. కొడుకు క్రాంతి కుమార్ ఉంటే తలుపు తట్టి తీయించేవాడేమో. వెలుగోడులో బడిపంతులు వాడు. ఈ వారం ఏదో ట్రైనింగని అక్కడే ఆగిపోయాడు.

జీవమ్మకు కోపం వచ్చింది. ఏలీయా సారు దగ్గర టైపు నేర్చుకున్నాకే ఆమె ఆయన్ను పెళ్లి చేసుకుంది. ఇరవై తొమ్మిదేళ్లయినా, కోపం వస్తే మాత్రం నోట 'సార్' అనే వస్తుంది.

"సార్. తలుపు తీస్తారా, వీధి చివర షెడ్డుకు పొమ్మంటారా? ఆదివారమైనా ఆడ ఉలి పట్టేవాళ్లు ఉండారు. రాతిలో బొమ్మలు చెక్కేటోళ్లకు తలుపు ఒక లెక్క కాదు."

గడియ తీసిన చప్పుడు వినిపించింది.

ఏలీయా సారు గుమ్మంలో నిలబడ్డాడు. ఆదివారం వేసుకునే తెల్ల చొక్కా. వేళ్లకు గమ్ము. నెరిసిన జుట్టులో రెండు కాగితం ముక్కలు. ఆయన భుజం పక్కగా జీవమ్మ లోపలికి చూసింది.

నేల నిండా కాగితాలు. క్లిప్పు ఖాళీగా పడి ఉంది.

"పేపర్లు కత్తిరించినావా?" ఆమె గొంతు మారిపోయింది. "ఏందయ్యా ఇది. రేపు పొద్దున పరీక్ష పెట్టుకొని."

"కూర్చో," అన్నాడు ఏలీయా సారు.

నిన్న సాయంత్రం నుంచి ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

కూర్చునే ముందు జీవమ్మ తెర చూసింది. చూసి బిగుసుకుపోయింది. తన ప్రాక్టీసు ఫైళ్ల పట్టిక తెరిచి ఉంది. ఏలీయా 1. ఏలీయా 2. ఏలీయా 3. అట్లా నలభై మూడు దాకా. మొదటి రోజు ఫెబా 'మరిచిపోని పేరు ఏదన్నా పెట్టుకో అత్తా' అంటే, ఆమె వేళ్లు ఆలోచించకుండా కొట్టిన పేరు అది. ఆయన ఈ పట్టిక చూస్తాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. యాభై ఏళ్ల వయసులో చెవులు వేడెక్కాయి.

ఫెబా అత్తను ఆదుకుంది. "రేపు మాత్రం ఆ పేరు పెట్టొద్దు అత్తా. హాల్ టికెట్ నంబరే పెట్టాల."

"తెలుసులే."

ఏలీయా సారు ఏమీ విననట్టు కళ్లద్దాలు సర్దుకున్నాడు.

అప్పుడు చూసింది జీవమ్మ. పేపరు పెట్టుకునే స్టాండులో పేపరు లేదు. దాని బదులు అటొకటి ఇటొకటి చిన్న ఇనుప రీళ్లు బిగించి ఉన్నాయి. టైపు మిషన్ రిబ్బన్ చుట్టుకునే రీళ్లు. వాటి మధ్య, రిబ్బన్ ఉండాల్సిన చోట, అర అంగుళం వెడల్పున తెల్లటి కాగితం పట్టీ. దాని మీద ఒకే ఒక్క వరుస అక్షరాలు.

ఆయన పేపర్లను చింపలేదు. ఒక్కొక్క లైనునూ కత్తిరించి, ఒకదాని తోకకు ఇంకోటి అతికించాడు. ఇరవై ఎనిమిది లైన్లూ కలిపి ఒకటే లైను.

"నువ్వు తెర చూడవు," అన్నాడు ఏలీయా సారు. ఆయన మాట్లాడింది మిషన్‌తోనో, భార్యతోనో తెలియలేదు. "చూడగూడదని నేనే నేర్పినా. నీ కన్ను పేపరు మీదనే ఉంటాది. పేపర్లో లైను అయిపోతానే నీ చెయ్యి పోతాది. చెయ్యిది తప్పు కాదు. లైనుకు చివర ఉంది చూడు, దాంతో వచ్చింది. అందుకే చివర లేకుండా చేసినా."

ఫెబా మోకాళ్ల మీద కూర్చొని రీలును దగ్గరగా చూసింది. ఆమె రోజుకు అరవై మందికి ఇదే పాఠం చెబుతుంది. ఇట్లాంటి ఉపాయం ఆమె పుస్తకాల్లో లేదు.

"పద్నాలుగు అడుగులు ఉంటాదేమో మామా."

ఏలీయా సారు ఆమె వైపు చూడలేదు. "పదమూడున్నర," అన్నాడు.

జీవమ్మ వేళ్లు కీబోర్డు మీదికి పోయాయి.

ముప్పై ఏళ్ల కిందట ఇట్లాగే కూర్చుంది. మీటల వైపు చూస్తోందని ఆయన ఆమె చేతుల మీద తుండుగుడ్డ కప్పేవాడు. గుడ్డ కింద వేళ్లు, ఎదురుగా పేపరు, లైను చివరికి వస్తుంటే మిషన్ లోపల చిన్న గంట. గంట మోగితే ఇంకో ఏడక్షరాలే చోటు. కొట్టు, ఎడమ చెయ్యి ఎత్తు, మీట లాగు, కొత్త లైను. ఆ గంట మిషన్లతో పాటు మూగబోయిందని ఊరంతా అనుకుంది. అది జీవమ్మ తలకాయలో మోగుతూనే ఉందని నిన్న సాయంత్రం దాకా ఆమెకే తెలియదు.

ఏలీయా సారు ఎడమ రీలు మీద బొటనవేలు పెట్టాడు. ఆమె వేగానికి తగ్గట్టు తిప్పడం మొదలుపెట్టాడు.

పట్టీ కదిలింది. అక్షరాలు వస్తూనే ఉన్నాయి. లైను అయిపోవాల్సిన చోట ఆమె కుడి చిటికెన వేలు లేచింది. పట్టీ ఆగలేదు. వేలు గాలిలో తడబడి దిగింది. మళ్లీ లేచింది. మళ్లీ దిగింది. నాలుగో సారికి లేవడం మరిచిపోయింది.

"అత్తా," ఫెబా తెర వైపు చూస్తూ మెల్లగా అంది. "ఒక్క గుర్తు కూడా లేదు."

సరిగ్గా అప్పుడే చర్చి గంట మోగింది.

జీవమ్మ చిటికెన వేలు టప్పున ఎంటర్ మీద పడింది.

ముగ్గురూ తెరను చూశారు. మాట సగంలో విరిగి, మిగతా సగం కింది లైనులో ఒంటరిగా నిలబడి ఉంది. ముందుగా ఫెబాకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా జీవమ్మకూ ఆగలేదు. ఏలీయా సారు మాత్రం నవ్వలేదు. మీసం మీద ఏదో వాలినట్టు చేత్తో తుడుచుకున్నాడు.

"ఏం కాదులే అత్తా. కంట్రోల్ పట్టుకొని జెడ్ కొట్టు. పోతాది."

జీవమ్మ నవ్వు ఆగిపోయింది. "కొట్టను."

"మళ్లీ మొదలుపెట్టినావా?"

"కొట్టింది కొట్టినట్టే ఉండాల. చెరిపితే ఒక తప్పు రెండు తప్పులయితాది."

"ఇది చెరిపేది కాదు అత్తా. వెనక్కి పోయేది. ఆ తప్పు జరగనే లేదు అన్నట్టు."

"జరిగింది కదా. నా కండ్ల ముందరే జరిగింది. జరగలేదంటే అబద్ధం కాదా?"

ఫెబా తల పట్టుకుంది. పెళ్లయి వచ్చిన ఐదు నెలల్లో ఈ గొడవ ఇరవై సార్లయినా జరిగి ఉంటుంది. జీవమ్మకు బోల్డ్ చేయడం వచ్చింది. మార్జిన్లు పెట్టడం వచ్చింది. పట్టిక గీయడం, ముక్కను ఇక్కడ తీసి అక్కడ అతికించడం, అన్నీ వచ్చాయి. ఈ ఒక్క మీట మీద మాత్రం ఆమె వేలు వాలదు. రబ్బరు పట్టుకున్న విద్యార్థిని ఏలీయా సారు క్లాసు నుంచి బయటికి పంపేవాడు. ఒక రోజు ఆమెను కూడా పంపాడు.

"మామా, మీరన్నా చెప్పండి."

వీధి చివర రాయి మీద ఉలి పడుతున్న చప్పుడు ఒక్కటే.

ఏలీయా సారు రీలును చూశాడు.

"ఇంకా రెండున్నర అడుగులు ఉంది," అన్నాడు. "కొట్టు."

జీవమ్మ విరిగిన లైనును అట్లాగే వదిలేసి కొట్టింది. రెండున్నర అడుగులు. రెండు. ఒకటి. పట్టీ చివరికి వచ్చింది. ఆమె వేళ్లు ఉన్నట్టుండి నిలిచిపోయాయి.

చివర అచ్చు అక్షరాలు లేవు. పెన్నుతో రాసిన తెలుగు అక్షరాలు. ఈ కీబోర్డులో వాటికి మీటల్లేవు. ఏలీయా సారు చేతిరాత, హాజరు పట్టీలో పేర్లు రాసినంత గుండ్రంగా.

'టైపు మిషన్‌కు నేను చెప్పింది రైటు. దీనికి ఈ పాప చెప్పేది రైటు.'

జీవమ్మ పైకి చదవలేదు. చదవాల్సిన పని లేకపోయింది. ఆమె భుజం మీది నుంచి ఫెబా చదివేసింది. చదివి, పొయ్యి మీద ఏదో పెట్టినట్టు గబగబా వంటింట్లోకి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

"ఇంకో పేపరు కత్తిరించాల," అన్నాడు ఏలీయా సారు, వంటింటికి వినపడేటట్టు. "గమ్ము ఆరేలోపల ఉగ్గాని ఏమన్నా చేస్తే తింటా. ఆకలయితాంది."

"ఆరాధన?" అంది జీవమ్మ.

"సాయంత్రం పోదాం."

ఆమె కుర్చీ తిప్పి ఆయన వైపు చూసింది. "చెరిపేది కూడానా?"

ఆయన కత్తెర తీసుకున్నాడు. లైను వెంబడి కత్తిరిస్తూ కూర్చున్నాడు.

సాయంత్రానికి మూడు రీళ్లు అయ్యాయి. నాలుగోది మామూలు పేపరే, లైన్ల చివరలున్నదే. ఒక్క గుర్తూ పడలేదు. జీవమ్మ దాన్ని ఏలీయా 47 అని సేవ్ చేసింది.

* * *

నంద్యాల బస్సులో ఏలీయా సారు కిటికీ పక్క సీటు పట్టుకున్నాడు. సంచి ఒళ్లో పెట్టుకొని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. సంచి పిడి మీద ఆయన బొటనవేలు మెల్లగా తిరుగుతూనే ఉంది. జీవమ్మ అది చూసింది. చూసినట్టు చెప్పలేదు.

ఫెబా బస్టాండులోనే దిగి తన సెంటర్‌కు పోవాలి. పోతూ అత్త చెయ్యి పట్టుకుంది. "మధ్యాహ్నం వస్తా అత్తా. గబగబా కొట్టాలని చూడొద్దు. టైము చాలా ఉంటాది."

టైము చాలా లేదు. నలభై ఐదు నిమిషాలు.

హాల్లో ముప్పై మంది. జీవమ్మకు అటూ ఇటూ కూర్చున్నవాళ్లు ఆమె కొడుకు వయసువాళ్లు. ఇన్విజిలేటరు సన్నగా, పొడుగ్గా ఉంది. మెడలో వేలాడుతున్న కార్డు మీద ప్రియదర్శిని అని ఉంది.

"ఇచ్చిన పేపరు టైపు చేయాల. అక్షరాలు పద్నాలుగు సైజు. రెండు అంచులూ సమానంగా రావాల. కింద పట్టిక గీయాల. సేవ్ చేసేటప్పుడు ఫైలు పేరు మీ హాల్ టికెట్ నంబరు. సొంత పేర్లు పెడితే దిద్దరు. తర్వాత నన్ను అడగొద్దు."

జీవమ్మ తల ఊపింది. పదిహేడేళ్లు అటెండరుగా చేసింది ఆమె. ఆఫీసరు గంట కొడితే లేచింది, ఫైళ్లు మోసింది, టీ కప్పులు కడిగింది. పోయినేడు జూనియర్ అసిస్టెంటు కుర్చీ వచ్చింది, ఈ పరీక్ష పాసవ్వాలన్న షరతు మీద. మూడు అవకాశాల్లో ఇది మూడోది. తప్పితే అదే ఆఫీసులో, అదే మనుషుల ముందు, ఆ కుర్చీ దిగి మళ్లీ తలుపు పక్క స్టూలు మీద కూర్చోవాలి.

మొదలుపెట్టమన్నారు.

పేపర్లో లైన్లున్నాయి. లైన్లకు చివరలున్నాయి. జీవమ్మ వాటిని చూడలేదు. పేపరు పక్కన ఒక బొటనవేలు మెల్లగా తిరుగుతోందనుకుంది. చివర వచ్చింది, పోయింది. ఇంకో చివర వచ్చింది, పోయింది. చిటికెన వేలు లేవలేదు. తలలో గంట మోగిందో లేదో కూడా ఆమె గమనించలేదు.

ఇరవై తొమ్మిదో నిమిషానికి మొత్తం పడింది. ఆ తర్వాత పట్టిక. గీతలు తిన్నగా వచ్చాయి. ముప్పై ఎనిమిది నిమిషాలు. ఇక మిగిలింది అక్షరాల సైజు, అంచులు.

సైజు పెంచింది. ఉత్తరం కుప్పకూలలేదు. లైన్లు వాటంతట అవే జరిగి, సర్దుకొని కూర్చున్నాయి, బస్సులో ఇంకొకరికి చోటిచ్చినట్టు. జీవమ్మకు నవ్వు వచ్చింది.

ఇక అంచులు. కంట్రోల్ పట్టుకొని ఏ. మొత్తం ఎంపికై ఒకే రంగు కప్పుకుంది. కంట్రోల్ పట్టుకొని జె కొట్టాలి.

కంట్రోల్ మీది నుంచి వేలు ఒక్క రెప్పపాటు ముందు జారింది.

తెర తెల్లగా అయిపోయింది.

ఉత్తరం లేదు. పట్టిక లేదు. తెల్లటి కాగితం మీద, పైన ఎడమ మూల, ఒకే ఒక్క అక్షరం. జె.

జీవమ్మ చేతులు ఒళ్లోకి వచ్చాయి. టైపు మిషన్ ఎప్పుడూ ఇట్లా చేయలేదు. కొట్టింది కాగితం మీద ఉండేది. తప్పైనా, ఒప్పైనా, ఉండేది. ముప్పై ఎనిమిది నిమిషాల పని ఇట్లా ఆవిరైపోవడం ఆమెకు తెలియదు.

గోడ గడియారంలో ఆరు నిమిషాలున్నాయి. మళ్లీ కొట్టాలంటే ఇరవై తొమ్మిది కావాలి.

పక్క కుర్రవాడు ఆమె తెర వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

కంట్రోల్. జెడ్. రెండు మీటలు. రెండూ ఎడమ చేతి కిందే ఉన్నాయి. చేయి లేవడం లేదు. రబ్బరు పట్టుకున్నందుకు క్లాసు బయట నిలబడిన ఇరవై ఏళ్ల పిల్ల ఆ చేతిని పట్టుకొని ఆపుతోంది. చెరిపినవాళ్లు నా విద్యార్థులు కారని చెప్పిన మనిషి ఈ గోడకు అవతల వరండాలోనే కూర్చొని ఉన్నాడు.

ఐదు నిమిషాలు.

దీనికి ఈ పాప చెప్పేది రైటు. చెరిపేది కూడానా? ఆయన జవాబు చెప్పలేదు. కానీ వద్దని కూడా చెప్పలేదు. నలభై మూడు ఫైళ్ల పట్టిక చూసి కూడా ఏమీ చెప్పలేదు. ఆ మనిషి చెప్పకుండా వదిలేసినవాటిలోనే తను ఇరవై తొమ్మిదేళ్లు కాపురం చేసింది.

జీవమ్మ ఎడమ చేయి ఎత్తింది. రెండు మీటలూ కొట్టింది.

ఉత్తరం తిరిగి వచ్చింది. పట్టికతో సహా, ఒక్క చుక్క తగ్గకుండా.

ఊపిరి పీల్చుకోవడానికి టైము లేదు. ఈసారి కంట్రోల్‌ను గట్టిగా అదిమి పట్టి జె కొట్టింది. రెండు అంచులూ గోడ కట్టినట్టు నిలబడ్డాయి. సేవ్. పెట్టె తెరుచుకుని పేరు అడిగింది. కళ్లు గడియారం మీద ఉన్నాయి. వేళ్లు పేరు కొట్టేశాయి. ఎంటర్.

"చేతులు తీయండి," అంది ప్రియదర్శిని. తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి.

* * *

వరండాలో ఏలీయా సారు బెంచీ మీద నిటారుగా కూర్చొని ఉన్నాడు. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆమె చేతికిచ్చాడు. ఆమె తాగేదాకా ఆగాడు.

"లైను చివర?"

"కొట్టలేదు."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా."

ఆయన తల పంకించాడు. ఇక అడగడని ఆమెకు తెలుసు. అడగకపోతే చెప్పకుండా ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయింది.

"చెరిపినా సార్."

ఏలీయా సారు ఆమె వైపు తిరిగాడు. లోపల ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు.

"ఎన్నిసార్లు?"

"ఒకేసారి."

"ఎంత పోయింది?"

"అంతా పోయింది."

"ఎంత వచ్చింది?"

"అంతా వచ్చింది."

ఏలీయా సారు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"మంచి మిషనే," అన్నాడు.

జీవమ్మ ఫ్లాస్కు మూతలో ఇంకాస్త టీ ఒంపుకుంది. నవ్వాలో, ఏడవాలో తేల్చుకునేలోపల హాలు తలుపు తెరుచుకుంది.

ప్రియదర్శిని బయటికి వచ్చింది. చేతిలో ఒక కాగితం. ముఖం చిట్లించి వరండా అంతా కలయచూసింది. పరీక్ష రాసినవాళ్లు చాలామంది వెళ్లిపోయారు.

"ముప్పై మంది రాసినారు. ఇరవై తొమ్మిది నంబర్లు వచ్చినాయి. నంబరు లేని ఫైలు ఒకటి ఉంది." ఆమె కాగితం చూసి చదివింది. "ఏలీయా నలభై ఎనిమిది. ఆ పేరుతో ఈ హాల్లో ఎవరూ లేరు. ఇక్కడ ఏలీయా ఎవరు?"

జీవమ్మ చేతిలోంచి మూత కింద పడింది. మిగిలిన టీ బండల మీద పరుచుకుంది.

సొంత పేర్లు పెడితే దిద్దరు.

ఆమె నోరు తెరిచింది. ఆమెకంటే ముందే పక్కన బెంచీ కిర్రుమంది. ఏలీయా సారు లేచి నిలబడ్డాడు. అర అక్షరం తప్పుకు కూడా మార్కు కోసిన మనిషి, ఏ విద్యార్థి తరఫునా ఏ పరీక్షాధికారి ముందూ ఎన్నడూ నోరు తెరవని మనిషి, చొక్కా బొత్తాం సరిచేసుకొని రెండడుగులు ముందుకు వేశాడు.

"పేరు నాదమ్మా," అన్నాడు. "పని ఆమెది."

ప్రియదర్శిని ఆయన్ను చూసింది. ఆయన వెనక నిలబడిన జీవమ్మను చూసింది. కాగితాన్ని మళ్లీ చూసింది.

"నలభై ఎనిమిది అంటే?"

"మిగతా నలభై ఏడు ఇంట్లో ఉండాయి," అన్నాడు ఏలీయా సారు.

ప్రియదర్శిని పెదవి కొరుక్కుంది. చేతి గడియారం చూసుకుంది.

"ఫైళ్లు పైకి పంపేదానికి ఇంకా నాలుగు నిమిషాలు ఉంది. ఆ లోపల పేరు తీసి నంబరు పెట్టాల," అంది. "ఇద్దరూ లోపలికి రాండి."

జీవమ్మ కదిలింది. ముందు నడుస్తున్న ఏలీయా సారు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తలుపు మూసుకుంటుంటే ఆమె చూసింది. ఆయన బొటనవేలు మెల్లగా, ఆమె వేగానికి తగ్గట్టు, తిరుగుతోంది.